ఊటీ ఇంజన్ త్రీడీ మోడల్ కొంటున్నారా? డబ్బు పంపేముందు ఇది చదవండి

చెన్నైలో ఉన్న మన తెలుగు రైలు పిచ్చోళ్లందరికీ ఒక హెచ్చరిక. ఊటీ కొండ రైలు ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజన్ అంటూ గ్రూపుల్లో తిరుగుతున్న, కంప్యూటర్ రైలు సిమ్యులేటర్ గేమ్‌లో వాడే త్రీడీ మోడల్ కొనకండి. నాకు 4,500 రూపాయలకు అంటగట్టారు.

ప్రకటనలో బొమ్మ మాత్రం అదిరింది. నీలం రంగు, రివెట్లు, పొగగొట్టం చుట్టూ మసి, పక్కన ఒకదానిమీద ఒకటి రెండు సిలిండర్లు. యూపీఐలో డబ్బు పంపగానే లింకు వచ్చింది. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పక్కకి ఒక్కటే సిలిండర్!

ఎక్స్ క్లాస్ అంటేనే ఆ సిలిండర్లు. 1914 నుంచి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో తయారైన ఈ ఇంజన్లకి మొత్తం నాలుగుంటాయి. కింది జత మామూలు చక్రాలను తిప్పితే, పై జత పట్టాల మధ్య ఉండే పళ్ల పట్టీని పట్టుకుని ఎక్కే పళ్ల చక్రాలను తిప్పుతుంది. కల్లారు స్టేషన్ దాటాక 12.5 అడుగులకు ఒక అడుగు ఎత్తు ఎక్కే దారిలో బండిని పైకి నెట్టేది ఆ ఏర్పాటే. నాకొచ్చిన మోడల్‌ని తలకిందులు చేసి చూస్తే అడుగున పళ్ల చక్రం ఊసే లేదు, చదునైన రేకు ముక్క ఒకటుంది.

చక్రాల మధ్య దూరం కొలిచాను. ఊటీ లైను మీటరు గేజి, అంటే 1000 మిల్లీమీటర్లు. ఇందులో 1435 వచ్చింది, అది యూరప్‌లో ఎక్కువగా వాడే గేజి. యూరప్‌లో ఎక్కడిదో ట్యాంకు ఇంజన్‌కి నీలం రంగు పూసి పంపాడన్నమాట. చక్రాలను కలిపే రాడ్లు బాడీకే అతికించి ఉన్నాయి కాబట్టి చక్రాలు తిరుగుతాయి, రాడ్లు కదలవు. టెక్స్చర్ బొమ్మని, అంటే మోడల్ పైన రంగుల కోసం అతికించే బొమ్మని, పెద్దది చేస్తే నంబర్ ప్లేటు దగ్గర సరిగ్గా చెరపని పాత అక్షరాలు సగం కనబడుతున్నాయి. అంటే ఇది ఇంకొకరి కష్టం. దీన్ని మన రూట్‌లో, అంటే గేమ్ కోసం మనం తయారుచేసే రైలు దారిలో, పెట్టి విడుదల చేస్తే, రేపు అసలు మోడలర్ వచ్చి మన మెడ పట్టుకుంటాడు. నాకు డబ్బు కన్నా ఆ టెన్షనే ఎక్కువ.

అమ్మినవాణ్ని అడిగితే ఏమన్నాడో తెలుసా? "చక్రాలు తిరుగుతున్నాయి కదా సార్, ఇంకేం కావాలి?" డబ్బు వెనక్కి ఇవ్వమన్నాక బ్లాక్ చేశాడు.

ఇప్పుడు ఈ పోస్ట్ ఎందుకంటే, అదే మనిషి కొత్త నంబరుతో పటియాలా మోనోరైలు మోడల్ అమ్మకానికి పెట్టాడు. 1907లో మొదలైన ఆ బండికి ఒకే పట్టా, పక్కన రోడ్డు మీద నడిచే పెద్ద బ్యాలెన్స్ చక్రం. ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది, చూసినవాళ్లు మర్చిపోలేరు. వీడి బొమ్మలో మాత్రం అది శుభ్రంగా రెండు పట్టాల మీద నిలబడి ఉంది! ఈసారి బొమ్మ కూడా సరిగ్గా చేయలేదు, అంత ధీమా.

ఎవరి దగ్గర కొన్నా రెండర్ బొమ్మ (కంప్యూటర్ తీసిన అందమైన ఫొటో) చూసి సరే అనకండి. వైర్‌ఫ్రేమ్‌లో, అంటే రంగులు లేకుండా గీతలు మాత్రమే కనిపించేలా, మోడల్‌ని అన్నివైపులా, ముఖ్యంగా అడుగువైపు తిప్పి చూపించే వీడియో అడగండి. చక్రాలు, రాడ్లు విడివిడిగా ఉన్నాయో లేదో, గేజి ఎంతో అందులోనే చూపించమనండి. మన బ్రాడ్ గేజి 1676, డార్జిలింగ్ 610. నిజంగా తయారుచేసినవాడికి ఇది ఐదు నిమిషాల పని. నసిగితే వదిలేయండి.

చాటింగ్, చెల్లింపు స్క్రీన్‌షాట్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఇతని దగ్గరే మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, యూపీఐ ఐడీ ఒకటేనా కాదా సరిచూసుకుందాం.