చేతి స్పెక్ట్రోస్కోప్: హీలియం ట్యూబు సూపర్, స్కేలు దండగ

కోఠిలో సైన్సు సామాన్లు అమ్మే ఒక చిన్న షాపులో మా అమ్మాయి ఇంటర్ ప్రాజెక్టు కోసం చేతి స్పెక్ట్రోస్కోప్ (వెలుగును రంగుల గీతలుగా విడదీసి చూపే పరికరం), కరెంటిస్తే వెలిగే హీలియం, నియాన్ వాయువుల ట్యూబులు తీసుకున్నాం. హీలియం అదిరింది. గది చీకటి చేస్తే 587.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పసుపు గీత, 667.8 ఎరుపు, 501.6 ఆకుపచ్చ వేటికవి విడిగా కనిపిస్తాయి. ఫ్యూజన్ యంత్రాల్లోనూ (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడానికి చేసేవి) హీలియం గీతలే చూస్తారు, కాకపోతే అక్కడ 667.8, 706.5, 728.1 గీతల తీవ్రతల నిష్పత్తులు పట్టుకుని లోపలి ప్లాస్మా (బాగా వేడెక్కి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు) అంచున ఎలక్ట్రాన్ల సాంద్రత, ఉష్ణోగ్రత లెక్కగడతారు. ఈ చేతి స్పెక్ట్రోస్కోప్‌తో అది కుదరదు, 728 కంటికి దాదాపు ఆనదు కూడా. నియాన్‌కి ఎరుపు, నారింజ గీతలు బోలెడు, దీని స్లిట్‌కి (వెలుగు లోపలికి వెళ్లే చీలిక) అన్నీ అలుక్కుపోయాయి. (ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే పెద్ద ఫ్యూజన్ యంత్రంలో, డైవర్టర్ అనే అడుగు భాగం మీద పడే వేడిని కాంతిగా వెదజల్లడానికి వాడాలనుకుంటున్న వాయువు ఇదే.) స్పెక్ట్రోస్కోప్‌లో తరంగదైర్ఘ్యం చూపే స్కేలు మాత్రం దారుణం, గీతలన్నిటినీ పక్కకి జరిపి చూపిస్తోంది, మార్చమంటే షాపతను "అన్నీ అంతే మేడమ్" అన్నాడు. హీలియం పసుపు గీతతో సరిచూసుకుంటే పని నడుస్తుంది. ట్యూబులకి హై వోల్టేజి సప్లై కావాలి, పిల్లల చేతికి వదిలేయకండి. నియాన్ ఒక్కటే చాలనుకుంటే ట్యూబు కొనడం వేస్టు, ఎలక్ట్రీషియన్ టెస్టర్‌లో నారింజ రంగులో వెలిగే చిన్న బల్బు కూడా నియానే.