పాత పికప్‌కు పుల్లింగ్ పెరగాలంటే ఏది మేలు: పంపు పెంచడమా, క్రౌన్ పినియన్ మార్చడమా?

పశ్చిమ గోదావరిలోని ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో చేపల చెరువుల మీద పాత పికప్‌లు తిప్పే మిత్రులు ఈ ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. పంపు పెంచడమంటే ఇంజన్‌కు డీజిల్ అందించే పంపును సర్ది ఎక్కువ డీజిల్ వచ్చేలా చేయడం. క్రౌన్ పినియన్ అంటే ఇంజన్ తిప్పుడును వెనుక ఇరుసుకు అందించే రెండు పళ్ళచక్రాల జత, అందులో చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. పదిహేనేళ్లు దాటిన నా బండికి కూడా ఈ మధ్యనే ఏదో ఒకటి తేల్చుకోవలసి వచ్చింది. డీజిల్ చిమ్మే నాజిల్స్, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో గొట్టాలు, క్లచ్ ప్లేటు సరిగా ఉన్న బండి గురించే ఇక్కడ రాస్తున్నాను. అవి సరిగా లేకపోతే మొదటి ఖర్చు వాటి మీదే పెట్టాలి.

డెల్టాలో కొండలు లేవు. వంతెనల అప్రోచ్‌లను మినహాయిస్తే, బండికి అసలు పరీక్ష పుంత రోడ్డు దిగి చెరువు గట్టు ఎక్కే ఆ ఇరవై ముప్పై అడుగుల్లోనే ఎదురవుతుంది. తొట్టిలో పాతిక కిలోల మేత బస్తాలు నలభై, వెనుక జనరేటర్ ట్రాలీ, కింద వానకు నానిన నల్లమట్టి ఉన్నప్పుడు, ఫస్టు గేరులో ఇంజన్ ఆగిపోకుండా క్లచ్ సగం నొక్కి పట్టుకొని ఎక్కించడం, పైకి చేరేసరికి కాలిన వాసన రావడం మనలో చాలామందికి అనుభవమే. కాబట్టి ఇంజన్ గరిష్ఠంగా ఎన్ని గుర్రాల బలం ఇస్తుందన్నది కాక, నిమిషానికి వెయ్యి పన్నెండు వందల చుట్లు తిరిగేటప్పుడు చక్రం దగ్గరకు ఎంత బలం చేరుతుందన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

పంపు పెంచడం చవక, ఒక పూటలో అయిపోయే పని. అయితే పెంచిన డీజిల్ కాలడానికి గాలి కావాలి, తక్కువ చుట్ల మీద టర్బో ఆ గాలిని ఇవ్వలేదు. అందువల్ల గట్టు దగ్గర మనకు దక్కేది నల్లటి పొగ. బలం వచ్చేది ఇంజన్ అందుకున్న తరువాత, అంటే మనకు అంతగా అవసరం లేనప్పుడు. పైగా పొగగొట్టం వైపు వేడి పెరిగి పిస్టన్లకు ముప్పు వస్తుంది.

క్రౌన్ పినియన్ సంగతి వేరు. ఉదాహరణకు పినియన్‌కు 11, క్రౌన్‌కు 41 పళ్ళు ఉంటే నిష్పత్తి 3.73, దాని స్థానంలో 10, 41 పళ్ళ జత వేస్తే 4.10 అవుతుంది. ఇంజన్ జోలికి పోకుండానే, ప్రతి గేరులోనూ చక్రం దగ్గర బలం పది శాతం పెరుగుతుంది. దానికి మూల్యంగా హైవే మీద అదే వేగానికి ఇంజన్ పది శాతం ఎక్కువ తిరగాలి. వారం వారం చెన్నైకో హైదరాబాదుకో లోడు తోలేవారికి నేను దీన్ని సూచించను. పాలకొల్లు, నరసాపురం దాటని బండికి అది లెక్కలోకి రాదు. మీటరు కేబుల్ గేరుబాక్సు నుంచి వచ్చే బండిలో 60 మీద వెళుతున్నా 66 చూపిస్తుంది. కిలోమీటర్లూ అలాగే ఎక్కువ పడతాయి కనుక, మైలేజీ పెరిగిందని సంబరపడకూడదు.

కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే కామన్ రైల్ బండికి, ఆ కంప్యూటర్ ప్రోగ్రామును మార్చే రీమ్యాప్ నిజంగానే పనిచేస్తుంది గాని, ఆ అదనపు బలాన్ని పాత క్లచ్ మోయాలి. వేరే రకం ఇంజన్ ఎక్కించాలంటే బండిలో మార్పులకు హద్దులు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డువస్తుంది. ఖరీదైన ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు శబ్దానికే పనికివస్తాయి. పెద్ద టైర్లు వేస్తే పినియన్‌తో సంపాదించినది మళ్ళీ పోతుంది.

ఏది చేయించినా బ్రేకులు పాతవే, ఆర్సీలోని బరువూ పాతదే.

నేను పినియనే మార్పించాను. రెండు పళ్ళచక్రాలూ జతగానే కొనాలి, పళ్ళ మధ్య సందు కొలిచి కూర్చే మేస్త్రి దొరకాలి. ఆ సందు తప్పితే పళ్ళచక్రాలుండే హౌసింగ్ మొదటి రోజు నుంచే ఈల వేస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ దింపించి తెల్లగుడ్డ మీద పోసి చూశాను. సన్నని వెండి మెరుపు తప్ప ఇనుప పొట్టు రాలేదు.