మోకాళ్లకు ‘స్టెమ్ సెల్ ఇంజెక్షన్’ అంటూ శిబిరాలు పెడుతున్నవారితో జాగ్రత్త

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం పరిసరాల్లో మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న పెద్దలకూ, వారి వైద్యం ఖర్చు భరించే పిల్లలకూ ఈ హెచ్చరిక. కల్యాణ మండపంలో ఉచిత పరీక్షా శిబిరమని కరపత్రాలు పంచి, వచ్చినవారితో ‘గుజ్జు అరిగిపోయింది, ఆపరేషన్ లేకుండా మూలకణాలతో (కొత్త కణాలను పుట్టించగల స్టెమ్ సెల్స్‌తో) మళ్లీ పెంచుతాం’ అని చెప్పి, ఆ రోజే అడ్వాన్సు కట్టించుకునే క్లినిక్‌లు కనిపిస్తున్నాయి. అలాంటి ఒకచోట మా అమ్మగారి రెండు మోకాళ్లకూ కలిపి రూ. 1,60,000 తీసుకున్నారు. ఎక్కించిన మందులో మోకాలి గుజ్జును పెంచే మూలకణాలు ఉండే అవకాశం లేదని ఆ చికిత్స జరిగిన తీరునుబట్టే తెలుస్తుంది కనుక, దాన్ని వివరంగా రాస్తున్నాను.

అమ్మగారి చేతి నుంచి కొన్ని గొట్టాల రక్తం తీసి, పక్క గదిలోని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో కాసేపు తిప్పి, పైన తేలిన పసుపు ద్రవాన్ని సిరంజిలోకి లాగి, గంట కూడా గడవకముందే మోకాళ్లలోకి ఎక్కించారు. బిల్లులో మాత్రం ‘స్టెమ్ సెల్ థెరపీ’ అని రాశారు. ఈ పద్ధతిలో వచ్చేది ప్లేట్‌లెట్లు అధికంగా ఉండే ప్లాస్మా. వైద్యులు దాన్ని పీఆర్‌పీ అంటారు. ప్లేట్‌లెట్ అసలు పూర్తి కణమే కాదు, ఎముక మజ్జలోని ఒక పెద్ద కణం నుంచి తెగి వచ్చిన తునక. దానికి కేంద్రకం ఉండదు, అది విభజన చెందదు, మరో కణాన్ని పుట్టించదు. పీఆర్‌పీ వల్ల కొందరికి కొంతకాలం నొప్పి తగ్గవచ్చు, ఆ పేరుతోనే, ఆ ధరకే చేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ వేలల్లో అయ్యే చికిత్సకు మూలకణాల పేరు తగిలించి లక్షలు తీసుకోవడం మోసం.

మోకాలి చికిత్సకు పరిశోధకులు వాడుతున్న మీసెంకైమల్ కణాలనే రకం మూలకణాలు చేతి నరంలోని రక్తంలో అందుబాటులో ఉండవు. వాటిని తుంటి ఎముకలోని మజ్జ నుంచో, పొట్ట కొవ్వు నుంచో తీయాలి. మజ్జలో కూడా అవి చాలా అరుదు. కేంద్రకం ఉన్న పది వేల నుంచి లక్ష కణాల్లో ఒకటి మాత్రమే ఈ రకానికి చెందినది. అందుకే శుద్ధమైన ప్రయోగశాలలో వాటిని వారాల తరబడి పెంచి, సూక్ష్మజీవులు చేరలేదని పరీక్షించిన తరువాతే వాడాలి. ఉదయం రక్తం తీసి మధ్యాహ్నానికి మూలకణాలు సిద్ధం చేశామని ఎవరైనా అంటే, అక్కడితో లేచి వచ్చేయండి.

ఇక గుజ్జు విషయం. మనం వాడుకలో గుజ్జు అనేది ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థిని. చర్మం తెగినప్పుడు రక్తం గడ్డకడుతుంది, తెల్లకణాలు చేరి ఆ చోటును శుభ్రం చేస్తాయి, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు అల్లుకుంటాయి, ఆ తరువాత నెలల తరబడి ఆ అల్లిక గట్టిపడుతుంది. ఈ క్రమం మొత్తం రక్తప్రసరణ మీద ఆధారపడి సాగుతుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు, ఉన్న కొద్దిపాటి కణాలు గట్టి పదార్థం మధ్య బందీలుగా ఉండి గాయమైన చోటికి కదలలేవు. అందువల్లే అక్కడ దెబ్బ తగిలితే మరమ్మతు మొదలే కాదు. శస్త్రవైద్యులు మృదులాస్థి కింది ఎముకకు సన్నని రంధ్రాలు చేసి, మజ్జలోని రక్తం పైకి ఊరేలా చేసినా, ఏర్పడేది అసలైన నునుపు మృదులాస్థి కాదు, ఒకటో రకం కొల్లాజెన్ ఎక్కువగా ఉండే పీచు కణజాలం. అసలుదానిలో ఉండేది రెండో రకం కొల్లాజెన్. రాపిడిని తట్టుకునే గుణం దానిదే. ప్రయోగశాలలో పెంచిన కణాలను కీలులోకి పంపినా, వాటిలో ఎక్కువ భాగం కొద్ది వారాల్లోనే కనుమరుగవుతాయి. అవి విడుదల చేసే రసాయన సంకేతాలు వాపును తగ్గించడం వల్లే మేలు కలుగుతోందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఏళ్ల తరబడి ఊడ్పుల్లో వంగి పనిచేసిన మా అమ్మగారి మోకాళ్లలో ‘మూడు నెలల్లో కొత్త గుజ్జు’ అని ఆ క్లినిక్ ఇచ్చిన హామీకి ఏ ఆధారమూ లేదు.

ఇంజెక్షన్ తరువాత కొద్ది రోజుల్లోనే అమ్మగారి నొప్పి బాగా తగ్గింది, అదే సమయంలో చక్కెర విపరీతంగా పెరిగింది. కణజాలం రోజుల్లో పెరగదు. ద్రవంలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చని మా కుటుంబ వైద్యులు అనుమానించారు. కీలులోకి స్టెరాయిడ్ ఎక్కిస్తే మధుమేహం ఉన్నవారికి కొన్ని రోజులపాటు చక్కెర పెరుగుతుంది, ఆ సంగతి ముందే చెప్పి మందులు సర్దాలి. ఏమేం కలిపారో రాసివ్వమని అడిగితే క్లినిక్‌వారు నిరాకరించారు. ఆ పండు వయసులో, మధుమేహం ఉన్న మనిషికి చెప్పకుండా ఏం ఎక్కించారో తెలియకపోవడం డబ్బు పోవడం కంటే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. నొప్పి కొన్ని నెలల్లోనే మళ్లీ వచ్చింది.

గుజ్జు పెరిగిందని చూపించడానికి రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టారు. ఎక్స్‌రేలో మృదులాస్థి కనిపించదు, ఎముకల మధ్య ఖాళీ మాత్రమే కనిపిస్తుంది. నిలబెట్టి తీస్తే శరీర బరువుకు ఆ ఖాళీ ఇరుకుగా, పడుకోబెట్టి తీస్తే వెడల్పుగా కనిపించవచ్చు. మొదటిది నిలబెట్టి, రెండోది పడుకోబెట్టి తీశారు.

మూలకణ వైద్యమంతా బూటకమని నేను అనడం లేదు. రక్త క్యాన్సర్లకూ, తలసీమియాకూ మజ్జ మార్పిడి ఏనాడో స్థిరపడిన చికిత్స. చెరువుల్లో చల్లే సున్నం కంట్లో పడి నల్లగుడ్డు పైపొర కాలిపోతే, బాగున్న కంటి అంచు నుంచి మూలకణాలు తీసి అమర్చే చికిత్సను హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 2001 నుంచి చేస్తోంది. మోకాలి అరుగుదలకు కూడా, దాతల మజ్జ కణాలతో తయారైన ఒక ఉత్పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది. అలాంటిదైతే దానికి తయారీదారు పేరు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ఉన్న సీసా ఉంటుంది. సీసా చూపించమని అడగండి. అనుమతి లేనివి పరిశోధన కిందికే వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అలాంటి పరిశోధనను, రోగులపై జరిగే ప్రయోగాల జాబితా అయిన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, పాల్గొనే రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ‘ట్రయల్’ అంటూనే డబ్బు అడిగితే ఆ ఒక్క మాటే చాలు, అనుమానించడానికి.

ప్రమాదం కూడా చిన్నది కాదు. అమెరికాలో బొడ్డుతాడు రక్తం నుంచి తయారుచేసిన ద్రవాన్ని కీళ్లలోకీ, వెన్నులోకీ ఎక్కించుకున్న 12 మందికి బ్యాక్టీరియా సోకి ఆసుపత్రుల పాలయ్యారని 2018లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వెల్లడించింది.

ఇప్పటికే డబ్బు కట్టినవారు బిల్లు, కరపత్రం, సమ్మతి పత్రం నకలు, రెండు ఎక్స్‌రేలు, చక్కెర పరీక్షల చీటీలు భద్రపరచండి. ఫోనులో వచ్చిన హామీల సందేశాలను చెరపకండి. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి సాధారణంగా రెండేళ్ల గడువు ఉంటుంది. ఇంజెక్షన్ తరువాత మోకాలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, తిరిగి అదే క్లినిక్‌కు వెళ్లకుండా ఆ రోజే పెద్దాసుపత్రిలో ఎముకల వైద్యునికి చూపించి, ఏ రోజు ఏం ఎక్కించారో చెప్పండి.