వాకిలి కాపలా, సర్కారు నిషేధం

మద్యాన్ని ఆపడానికి తెలుగునాట రెండు దారులు తొక్కి చూశారు. మొదటిది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లది. పగలంతా కూలికి పోయి, రాత్రి అక్షరాస్యత తరగతిలో పలక పట్టుకున్నవాళ్లు, పాఠంలో తమ ఇంటి కథే ఉందని పోల్చుకున్నారు. అంతే, ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఊరూరా చీపురుకట్టలు, కారప్పొడి ఆయుధాలయ్యాయి. జిల్లాలో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది.

రెండోది 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం అమలు చేసిన సంపూర్ణ నిషేధం. (1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారా పాకెట్లు ఊళ్లకు చేర్చిందీ ఆయన ప్రభుత్వమే!) రెండేళ్లకే, 1997లో అది సడలిపోయింది. ఖజానాకు గండి, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగరవాణా అని కారణాలు చెప్పారు.

ఏ ఇంటి వెనక పాకెట్లు దాచారో పక్కింటామెకు తెలిసినంతగా పోలీసులకు తెలియదు. మొదటి దారి బలమంతా అక్కడే ఉంది. కానీ పొద్దున్నే నాట్లకు వెళ్లాల్సిన మనిషి ఎన్ని రాత్రులని కాపలా కాస్తుంది? పైగా ఊరు సీసాను ఆపగలదు గానీ లైసెన్సును రద్దు చేయలేదు. అది సర్కారు చేతిలో పని. నన్నడిగితే ముందు వాకిలి, వెనక చట్టం. 1993లో జరిగింది ఆ వరుసలోనే. 1995 నాటికి చట్టం ముందుకొచ్చింది, వాకిట్లో కాపలా పలచబడింది.