మా మేస్త్రీతో ఆరేళ్లు: గోడ పనికి నిశ్చింతగా పిలవచ్చు, కరెంటు పనికి వద్దు

హైదరాబాద్ మల్కాజిగిరిలో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. 1,050 చదరపు అడుగులు, 2004లో కట్టిన అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. 2017లో రీసేల్‌లో కొన్నాం. 2020 జనవరి నుంచి ఇప్పటిదాకా ఇంట్లో రంగులు, చిన్నాచితకా రిపేర్లు దాదాపు అన్నీ ఒకే మేస్త్రీ చేస్తున్నాడు. చుట్టాల్లో ఎవరైనా "మంచి పెయింటర్ ఉంటే చెప్పు" అని అడిగితే నంబరు ఇస్తాను. ఇచ్చాక ఇంకో పావుగంట మాట్లాడాల్సి వస్తుంది. ఆ పావుగంట మాటలే ఇవి.

ముందు, ఆయన ఎందుకు రావాల్సి వచ్చిందో చెప్పాలి. 2019 మేలో ఒక కంపెనీ ప్యాకేజీ తీసుకున్నాం. టీషర్టులు వేసుకున్న కుర్రాళ్లు, లేజర్ మీటరు, ట్యాబ్‌లో రంగుల బొమ్మలు. అంతా చూడముచ్చటగా ఉంది. 3,400 చదరపు అడుగులు లెక్కకట్టి, మెటీరియల్‌తో కలిపి అడుగుకి ₹19 చొప్పున ₹64,600 తీసుకున్నారు. ఐదు రోజుల్లో పని అయిపోయింది. ఆగస్టు వచ్చేసరికి బాత్‌రూమ్‌ని ఆనుకున్న బెడ్‌రూమ్ గోడ మీద పెయింట్ బుడగలు తేలింది. వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. లోపల తెల్లటి ఉప్పు దూదిలా పట్టి ఉంది. వారంటీ కాగితం తీసి చూపిస్తే, "చెమ్మ వల్ల వచ్చినవాటికి వర్తించదు మేడమ్" అన్నారు. నిజమే, చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చదవకుండా సంతకం పెట్టింది మేమే.

మేస్త్రీ నంబరు మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో దొరికింది. పిలిచింది మాత్రం గోడ కోసం కాదు, కర్టెన్ రాడ్ ఊడిపోయిందని. పాత రంధ్రం పెద్దదై గిట్టీ, అంటే స్క్రూ పట్టే ప్లగ్, నిలవడం లేదు. ఆయన దాన్ని లప్పంతో (పుట్టీతో) పూడ్చే పని పెట్టుకోకుండా రెండు అంగుళాలు పక్కకి జరిపి కొత్త రంధ్రం వేశాడు. ₹200 తీసుకుని చెప్పులు వేసుకోబోతూ బెడ్‌రూమ్ గోడ వైపు చూసి ఆగాడు. వెనక్కొచ్చి స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా తట్టాడు. కొన్నిచోట్ల టక్ టక్‌మంది, కొన్నిచోట్ల డొల్లగా పలికింది. డొల్లగా ఉన్న ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. తొమ్మిది సున్నాలు.

"మళ్లీ రంగేస్తావా అన్నా, ఎంతవుతుంది?" అని అడిగాను.

"ఇప్పుడు వద్దక్కా. గోడ ఎండలే. ఇప్పుడు కలరేస్తే మీ పైసలు తీసుకపోయి గోడకి పూసినట్టే."

చేతికొచ్చిన పని వద్దన్న పెయింటర్‌ని నేను అదే మొదటిసారి చూడటం. చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో ఒక గీత గీసి, పక్కన తేదీ వేశాడు. ఆ బాత్‌రూమ్ పది రోజులు వాడొద్దన్నాడు. ఎందుకంటే, లోపల నీళ్లొచ్చే పైపు కారుతుంటే మనం వాడినా మానినా చెమ్మ పెరుగుతూనే ఉంటుందట. వాడకం ఆపగానే పెరగడం ఆగిందంటే నేల మీద పోసే నీళ్లే లోపలికి దిగుతుండొచ్చు. అప్పుడు టైల్స్ పగలగొట్టి పైపు వెతికే ఖర్చు తప్పుతుంది. నలుగురం పది రోజులు ఒకే బాత్‌రూమ్‌తో సర్దుకున్నాం. మా అత్తగారు గొణుక్కున్నారు కానీ గీత దాటి చెమ్మ రాలేదు.

నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే రంధ్రం) చుట్టూ, గోడా నేలా కలిసే మూల వెంట టైల్స్ జాయింట్లు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. వాటిని గీకి నీళ్లు దిగని ఎపాక్సీ గ్రౌట్ నింపాడు. బెడ్‌రూమ్ వైపు డొల్ల ప్లాస్టరింగ్ కొట్టేసి, కొత్తగా సిమెంటు పూసి, "ఒక వానాకాలం చూద్దాం" అని వెళ్లిపోయాడు. అన్నీ కలిపి ₹5,200. అది ఫిబ్రవరి. నెల తిరిగేసరికి లాక్‌డౌన్ వచ్చింది, ఆయన నల్లగొండ వైపు సొంతూరికి పోయాడు. ఆ గోడ బూడిద రంగులో, పెన్సిల్ గీతలతో ఏడాది పాటు అలాగే ఉంది. వీడియో కాల్‌లో కనిపించకుండా నేను కుర్చీ అటు తిప్పుకుని కూర్చునేదాన్ని. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ని ముంచెత్తిన ఆ వానల్లో కూడా గోడ పొడిగానే ఉంది.

2021 ఫిబ్రవరిలో ఇల్లంతా వేయించాం. ఈసారి లేబర్ కాంట్రాక్టు ఆయనది, మెటీరియల్ మాది. టేపు పట్టి మా ఆయనతో కలిసి కొలిచాడు. తలుపులు, కిటికీలు, కబోర్డుల వెనక గోడ తీసేస్తే 2,860 చదరపు అడుగులు వచ్చింది. అంటే 2019లో వాళ్లు వేయని 540 అడుగుల పెయింట్‌కి ₹10 వేల పైన కట్టామన్నమాట. అడుగుకి ₹9 చొప్పున లేబర్ ₹25,740, మెటీరియల్ ₹21 వేలు దాటింది. మొత్తం కలిపినా కంపెనీ బిల్లు కన్నా తక్కువే. కాకపోతే పని జరిగింది ఐదు రోజులు కాదు, పదహారు రోజులు. ఆ పదహారు రోజులూ వంటగదిలో పడుకున్నంత పని అయింది.

మెటీరియల్ మనం కొంటే మంచిదని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. పెయింట్ కంపెనీలు పెయింటర్లకి పాయింట్లు ఇస్తాయి. ఒకప్పుడు బకెట్ లోపల టోకెన్ ఉండేది, ఇప్పుడు స్కాన్ చేసే కోడ్. కాబట్టి పెయింటర్ ఒకే బ్రాండ్ పట్టుబట్టి చెబుతుంటే అది నాణ్యత గురించే అనుకోనక్కర్లేదు. మా మేస్త్రీ ఈ మాట దాచలేదు. "కోడ్ నాకియ్యుండ్రి అక్కా, బకెట్ మీ ఇష్టమున్న కంపెనీది తెచ్చుకోండ్రి" అన్నాడు. ఇచ్చేశాం. మనకెలాగూ పనికిరాదు. సీలు మాత్రం మన కళ్లముందు తీయించుకోవాలి, నీళ్లు ఎంత కలుపుతున్నారో డబ్బా మీద రాసినదానితో పోల్చి చూసుకోవాలి. ఎక్కువ కలిపితే బకెట్ ఎక్కువ గోడకి వస్తుంది, పెయింట్ మాత్రం తుడిస్తే గుడ్డకి అంటుతుంది.

ఆయన పనిలో నాకు బాగా నచ్చింది లప్పం దగ్గరి ఓపిక. లప్పం ఆరి, ఎమ్రీ పేపర్ పట్టాక, గదిలో లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చి గోడకి ఆనించి ఏటవాలుగా పట్టేవాడు. పగటి వెలుగులో అద్దంలా ఉన్న గోడ మీద ఎత్తుపల్లాలన్నీ నీడలు పడి కనిపించేవి. ఆయనతో ఇద్దరు బీహార్ కుర్రాళ్లు ఉండేవారు. వాళ్లు ఆ టార్చి చూస్తే చాలు మొహాలు మాడ్చుకునేవాళ్లు. హాల్లో ఒక్క గోడని మూడుసార్లు రుద్దించాడు. ఆ దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫ్రిజ్ వెనకాల, పూజ గూట్లో, మూతపెట్టిన పోపుల డబ్బాలో కూడా దుమ్మే. పాత దుప్పట్లు కాదు, ప్లాస్టిక్ షీట్లు కొనండి. టేపు కూడా ముందే తెచ్చి చేతికివ్వండి. చెప్పకపోతే ఈయన స్విచ్‌బోర్డుల చుట్టూ టేపు వేయడు. మా హాల్లో రెండు బోర్డుల స్క్రూలకి ఇప్పటికీ క్రీమ్ కలర్ ఉంది.

డబ్బు విషయం. మొదట 30 శాతం, లప్పం అయ్యాక సగం దాకా, పని అయ్యాక మిగతాది ఇచ్చాం. పదో వంతు మాత్రం వానలు పడ్డాకే ఇస్తానన్నాను. కోపం వస్తుందేమో అనుకున్నా కానీ నవ్వి, "అట్లనే అక్కా, వానకాలం నన్నే పిలుస్తరు కదా" అన్నాడు. ఆగస్టులో వచ్చి ఆ గోడ తట్టి చూసుకుని ₹2,600 తీసుకెళ్లాడు.

ఇక లోపాలు.

టైముకి రాడు. పొద్దున తొమ్మిదంటే పదకొండు. దసరా ముందు రోజుల్లో అయితే మరీ ఘోరం, నాలుగు ఇళ్లు ఒకేసారి ఒప్పుకుంటాడు. పొద్దున్నే వచ్చి రోలర్లు, బకెట్, సంచీ మా బాల్కనీలో పెట్టి టీ తాగి వెళ్తాడు. సంచీ మా ఇంట్లో, మనిషి ఉప్పల్‌లో. సంచీ ఉంది కాబట్టి ఇంకొకర్ని పిలవలేం. ఫోన్ చేస్తే "దగ్గర్లనే ఉన్న". ఈ మధ్య నేను దసరా, సంక్రాంతి సీజన్లు వదిలేసి ఫిబ్రవరిలోనే పిలుస్తున్నా. అప్పుడు ఎండ కూడా బాగుంటుంది, లప్పం తొందరగా ఆరుతుంది.

రెండోది పెద్దది. గోడ దగ్గర "ఇప్పుడు వద్దు" అనగలిగిన మనిషి, కర్ర దగ్గర, కరెంటు దగ్గర అనలేడు. ఏ పని అడిగినా "ఐతది అక్కా" అంటాడు. 2022 జూలైలో బెడ్‌రూమ్ తలుపు ఉబ్బి పడటం లేదంటే చిత్రిక పట్టేశాడు. ఆ రోజు తలుపు వెన్నలా పడింది. మార్చి వచ్చి కర్ర ఎండేసరికి తలుపుకీ గడపకీ మధ్య వేలు దూరేంత సందు. ఇప్పుడు రాత్రి హాల్లో లైటు వేస్తే ఆ సందులోంచి మంచం మీద గీత పడుతుంది.

2023లో కారిడార్ స్విచ్ మార్చాడు. ఆ రోజు నుంచి స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు మిణుకు మిణుకుమని వెలుగుతూనే ఉండేది. బల్బు లోపం అనుకుని మూడు నెలలు అలాగే వదిలేశాం. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పి చూస్తే, మేస్త్రీ ఫేజ్ వైరుకి, అంటే కరెంటు తెచ్చే వైరుకి బదులు న్యూట్రల్‌ని స్విచ్‌కి కలిపాడు. అంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉన్నట్టే. మా ఆయన ఆ మూడు నెలల్లో ఒకసారి స్టూలెక్కి ఆ బల్బు మార్చాడు కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మేస్త్రీకి చెబితే చాలా సిగ్గుపడ్డాడు, ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చిన ₹300 తనే ఇస్తానన్నాడు. నేను తీసుకోలేదు. మళ్లీ కరెంటు పని చెప్పలేదు కూడా.

కుళాయి వాషర్లు, యాంగిల్ కాక్ మార్చడం, సింక్ కింద పైపు బిగించడం, కిటికీలకి దోమల జాలీ వేయడం లాంటివి బాగానే చేస్తాడు. వీటికి లెక్కా పత్రం ఉండదు. ₹150 నుంచి ₹500 మధ్య ఏదో ఒకటి చెబుతాడు, బేరం ఆడితే మౌనంగా నేల చూస్తాడు. ఈయన రానప్పుడు రెండుసార్లు యాప్‌లో మనిషిని పిలిచాను. చెప్పిన టైముకి వచ్చారు, రేటు ముందే ఫోన్‌లో ఉంది, ఆ హాయి వేరు. కానీ ప్రతిసారీ కొత్త మనిషే. రెండోసారి వచ్చినతను టవల్ రాడ్డుకి రంధ్రం వేస్తూ బాత్‌రూమ్ టైలు పగలగొట్టి, "పాత టైల్ మేడమ్" అని వెళ్లిపోయాడు. మా మేస్త్రీ అయితే టైలు మీద ముందు మేకుతో చిన్న గాటు పెట్టి, డ్రిల్లింగ్ మెషీన్‌లో హ్యామర్ మోడ్ ఆపి మెల్లగా వేస్తాడు.

కిటికీ గ్రిల్స్ గురించి ఒక మాట. పాత ఎనామెల్ పెయింట్లలో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మా గ్రిల్స్ పెయింట్ 2004 నాటిది. 2024లో వాటిని రుద్దేటప్పుడు నీళ్లతో తడిపి రుద్దమన్నాను, పిల్లల్ని పక్కింటికి పంపించాను. మేస్త్రీ ఈ సంగతి ఎప్పుడూ వినలేదట. "ఇరవై ఏండ్లు గీ దుమ్మే మింగిన అక్కా" అన్నాడు. మర్నాడు ముక్కుకి కర్చీఫు కట్టుకొచ్చాడు.

ఇప్పుడు గోడల పరిస్థితి: సోఫా వెనక తల ఆనేచోట నూనె మరక, వంటగది పైకప్పు కాస్త పసుపు. మిగతాదంతా బాగుంది. మిగిలిన పెయింట్ బాటిల్‌లో దాచి, షేడ్ నంబరు అటక తలుపు లోపల రాసి పెట్టుకున్నా. కానీ రెండేళ్ల తర్వాత టచప్ చేస్తే అతుకులా కనిపించింది, చివరికి ఆ గోడ మూల నుంచి మూలకి వేయించాల్సి వచ్చింది. బెడ్‌రూమ్ గోడ మీద మాత్రం ఈ ఐదు వానాకాలాల్లో ఒక్క బుడగ లేదు.

వంటగది పక్క యుటిలిటీలో పైనుంచి కొత్తగా చెమ్మ దిగుతోంది. పోయిన నెల వచ్చి పెన్సిల్ గీత గీసి, తేదీ వేసి వెళ్లాడు. పైఫ్లాట్ వాళ్లతో మాట్లాడి పెట్టమన్నాడు, మాట్లాడాం, వాళ్లూ ఒప్పుకున్నారు. ఆదివారం వస్తానన్నాడు. ఏ ఆదివారమో నేను అడగలేదు.