మెరిట్ ఆర్డరా, ఎస్‌సీఈడీనా, ఉమ్మడి మార్కెట్టా: ఏది మేలు?

దేశమంతటికీ ఎస్‌సీఈడీ (గ్రిడ్ భద్రత హద్దుల్లో చౌక స్టేషన్లను ముందు నడిపే పద్ధతి) ఉండగా డిస్కంల (పంపిణీ సంస్థల) మెరిట్ ఆర్డర్‌తో ఇంకా పనేముంది? అంతా ఉమ్మడి మార్కెట్‌కే వదిలేస్తే కరెంటు ఇంకా చౌకవుతుంది కదా? విద్యుత్ కొనుగోలు లెక్కలు చూసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. చౌక సంగతిని ఈ మూడు పద్ధతులూ ఎంతో కొంత చూసుకుంటాయి. సాయంత్రం ఆరు గంటలకు ఏ మెషిన్లు లైన్‌లో ఉండాలో ముందు రోజే ఎవరు తేలుస్తారన్నదే అసలు తేడా.

మెరిట్ ఆర్డర్‌లో బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంటుంది: ప్రతి డిస్కం తన ఒప్పందాల్లో చర వ్యయం (యూనిట్‌కయ్యే ఇంధన ఖర్చు) తక్కువున్న స్టేషన్‌ను ముందు నింపుకుంటుంది. కానీ దాని చూపు ఆ ఒప్పందాల హద్దు దాటదు. ఒక రాష్ట్రం యూనిట్ 3 రూపాయల పిట్‌హెడ్ (బొగ్గు గని పక్కనే ఉన్న) స్టేషన్‌లో తన వాటా వదిలేసిన 15 నిమిషాల బ్లాకులోనే పక్క రాష్ట్రం 5 రూపాయల కరెంటు తీసుకుంటూ ఉండొచ్చు.

2019 ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర థర్మల్ స్టేషన్లతో మొదలైన ఎస్‌సీఈడీ ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. డిస్కంలు అడిగిన షెడ్యూల్ అలాగే ఉంటుంది. దాని కింద 15 నిమిషాల బ్లాకుకొకసారి ఖరీదైన స్టేషన్‌ను దించి చౌకదాన్ని పెంచుతారు. ర్యాంపు (ఉత్పత్తి పెరిగే, తగ్గే వేగం), కనీస లోడు, లైన్ల సామర్థ్యం మాత్రం దాటరు. డిస్కం తన షెడ్యూల్ ప్రకారమే కడుతుంది, తేడా ఉమ్మడి పూల్ ఖాతాలో సర్దుబాటవుతుంది.

అయితే ఎస్‌సీఈడీ ఎంచుకోగలిగేది లైన్‌లో ఉన్న మెషిన్లలోంచే. పూర్తి లోడు మీదున్న మెషిన్‌కు పెరిగే చోటుండదు, ఆపేసిన బొగ్గు మెషిన్ మళ్లీ లోడు ఎత్తుకోవడానికి గంటలు పడుతుంది. అందుకే 2023 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన గ్రిడ్ కోడ్‌లోని ఎస్‌సీయూసీ (ఏ మెషిన్లు లైన్‌లో ఉండాలో ముందే తేల్చే పద్ధతి) నాకు ఎస్‌సీఈడీ కంటే ముఖ్యమనిపిస్తుంది. రిజర్వు (అవసరమైతే వాడడానికి చేతిలో ఉంచుకునే సామర్థ్యం) చాలదని ముందు రోజు తేలితే, ఎవరూ అడగని మెషిన్‌ను కూడా కనీస లోడు మీద లైన్‌లో ఉంచే అధికారం అందులో ఉంది.

ఖర్చెంతో ఒక ఊహా లెక్కలో చూద్దాం. చర వ్యయం 5 రూపాయలున్న 500 మెగావాట్ల మెషిన్‌ను సాయంత్రానికి సిద్ధంగా ఉంచడానికి పగలు 8 గంటలు 55 శాతం, అంటే 275 మెగావాట్ల దగ్గర నడిపామనుకోండి. అది 22 లక్షల యూనిట్లు. అదే కరెంటు 3 రూపాయలకు దొరికేది కాబట్టి అదనపు భారం 44 లక్షలు. మెషిన్‌ను ఆపేస్తే సాయంత్రం 4 గంటల పాటు 500 మెగావాట్లు, అంటే 20 లక్షల యూనిట్లు, విద్యుత్ ఎక్స్ఛేంజీలో కొనాలి. ధర 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకితే అదనంగా పడేది కోటి రూపాయలు. రెండు దారులూ సమానమయ్యే ధర 7 రూపాయల 20 పైసలు. తక్కువ లోడులో పెరిగే బొగ్గు వాడకాన్ని, మళ్లీ వెలిగించడానికయ్యే ఆయిల్‌ను, వేడెక్కి చల్లారడంతో వచ్చే బాయిలర్ ట్యూబ్ లీకులను ఇందులో కలపలేదు.

పైగా పరిమితి ధర పలుకుతోందంటేనే బిడ్డు వేసిన కరెంటంతా దొరకలేదని అర్థం. అప్పుడు మిగిలే దారులు రెండే: కోతలు పెట్టడం, లేదా షెడ్యూల్‌కు మించి గ్రిడ్ నుంచి లాగడం. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిని చీకట్లోకి నెట్టిన కారణాల్లో ఆ లాగడం కూడా ఒకటి. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో సింక్రనైజ్ కాలేదు, అందుకే మనదాకా రాలేదు. ఇప్పుడా అడ్డు లేదు.

ర్యాంపు కూడా ముందే లెక్కలో ఉండాలి. నిమిషానికి 1 శాతం చొప్పున ఆ మెషిన్ బ్లాకుకు 75 మెగావాట్లే పెరుగుతుంది. 275 నుంచి 500కు చేరాలంటే మూడు బ్లాకులు కావాలి. సోలార్ పడిపోయాక పెంచమంటే ఆలస్యమైపోయినట్టే.

రిజర్వు ఎక్కడుందన్నది మరో ప్రశ్న. లైన్ల కారిడార్ నిండిపోయినప్పుడు సింగ్రౌలీ బొగ్గు ప్రాంతంలో ఎంత మిగులున్నా హైదరాబాద్‌కు అక్కరకు రాదు. లైన్లు చాలని ఏళ్లలో ఎక్స్ఛేంజీలో దక్షిణాది ధర విడిపోయి పైకి పోయేది. 765 కేవీ లైన్లు, రాయ్‌గఢ్–పుగలూరు హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజీ డీసీ లైన్) వచ్చాక ఆ ఒత్తిడి చాలా తగ్గింది, కానీ ఒక లైన్ ట్రిప్పయినా తట్టుకోవాలన్న నియమం వల్ల కొంత సామర్థ్యం ఎప్పుడూ ఖాళీగా ఉంచాల్సిందే.

ఇక అన్ని స్టేషన్లనూ ఒకే పూల్‌లో వేలం వేసే ఎంబీఈడీ. సూత్రంగా బాగుంది, 2018 నుంచి చర్చలోనూ ఉంది. ఒప్పందపు బిల్లుకు నెలన్నర గడువుండే డిస్కం, పూల్‌లో ఏ రోజు డబ్బు ఆ రోజే కట్టాలంటే నిలవలేదు. రిజర్వును కూడా అదే వేలంలో కలపకపోతే ఏ మెషిన్‌ను లైన్‌లో ఉంచాలన్న కమిట్‌మెంట్ చిక్కు అలాగే ఉంటుంది. బ్యాటరీలు, శ్రీశైలం ఎడమగట్టులో నీటిని తిరిగి పైకి తోడగల రివర్సిబుల్ టర్బైన్లు సాయంత్రపు మొదటి గంటకు మంచి సాధనాలు, షెడ్యూలింగ్ పద్ధతికి బదులు కాలేవు.

నా మొగ్గు ఎస్‌సీయూసీతో కలిసిన ఎస్‌సీఈడీ వైపు. జెన్‌కో (రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ) స్టేషన్ల మీద నిర్ణయం రాష్ట్రానిది కాబట్టి ఈ పని ఎస్‌ఎల్‌డీసీ (రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం) స్థాయిలోనూ జరగాలి. రేపటి సాయంత్రం 4 నుంచి 8 దాకా సోలార్, విండ్ తీసేసిన నికర డిమాండ్ ఎంత పెరుగుతుందో బ్లాకుల వారీగా వేసుకోవాలి. లైన్‌లో ఉన్న మెషిన్ల ర్యాంపుల మొత్తాన్ని దాని పక్కన పెట్టి, అందులోంచి అన్నిటికన్నా పెద్ద మెషిన్‌ను తీసేసి చూడాలి. ఒక్క బ్లాకులో తక్కువపడినా, మెరిట్ ఆర్డర్ అడుగునున్న ఖరీదైన స్టేషన్‌ను రిజర్వ్ షట్‌డౌన్‌కు (అడిగేవాళ్లు లేరని ఆపేయడానికి) పంపకూడదు.