నాలుగేళ్లుగా నెక్సాన్ ఈవీ: ఛార్జింగ్‌కి నాకు నిజంగా పోయే టైమ్ ఎంత?

"ఏటి బావా, ఎన్ని గంటలు పెట్టాల ఛార్జింగు?"

ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడిలో కారు ఎక్కడ ఆపినా ముందు వినపడే మాట ఇదే. తొమ్మిది గంటలని చెప్పగానే ఎదుటి మనిషి అయ్యో అన్నట్టు చూస్తాడు. పెట్రోలు బంకులో అది ఐదు నిమిషాల పని మరి. నాలుగేళ్లలో 62 వేల కిలోమీటర్లు నడిపాను కాబట్టి, ఆ ప్రశ్నకి కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

2021 దసరాకి టాటా వాళ్ల ఈ ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. బ్యాటరీ 30.2 యూనిట్లు. వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ లెక్కలో ఒక్క ఛార్జింగ్‌కి 312 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని నేను నడిపే తీరుకి 200 నుంచి 220 వస్తోంది, మా అవసరాలకి అది చాలు. ఇంట్లో పాత పెట్రోలు కారు కూడా ఉంది, నాన్నగారు నడుపుతారు. అందుకే రెండింటినీ రోజూ పక్కపక్కనే చూస్తున్నాను.

మొదటి రాత్రి కారు ఛార్జింగ్ తీసుకోనేలేదు. ప్లగ్ పెట్టగానే ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగింది. కొత్త కారులోనే లోపమేమో అని కంగారుపడ్డాం. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే అసలు ఇంటికే ఎర్తింగ్ సరిగ్గా లేదు. మాది తాతగారు కట్టించిన ఇల్లు. ఫ్యాన్లు, ఫ్రిజ్ ఇన్నాళ్లూ అలాగే నడిచిపోయాయి, కారు మాత్రం ఒప్పుకోలేదు. పెరట్లో గొయ్యి తీయించి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్త్ పెట్టించాం. మీటరు బోర్డు నుంచి విడిగా మందపాటి వైరు లాగించి 16 ఆంపియర్ల ప్లగ్ బిగించాం. ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునేవాళ్లు షోరూముకి వెళ్లకముందే ఈ పని చేయించుకోండి. కారు కొనకపోయినా చేయించుకోండి, ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు.

ఆ తర్వాత ఇంటి దగ్గర ఇబ్బందే లేదు. రాత్రి భోజనాలయ్యాక ప్లగ్ పెడతాను, పొద్దున స్నానం చేసి వచ్చి తీస్తాను. వారానికి రెండుసార్లు పెడితే సరిపోతుంది. తొమ్మిది గంటలూ కారువి, నావి అర నిమిషం. నిండా ఎక్కడానికి కరెంటు బిల్లులో పడేది 200 రూపాయల చిల్లర. అంతే దూరానికి నాన్నగారి కారులో పోసే పెట్రోలు వెయ్యి దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వీధిలో ఏసీలన్నీ ఒకేసారి నడిచి ఓల్టేజి పడిపోతుంది, అప్పుడు పదకొండు గంటలు కూడా పడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆగి, రాగానే దానంతటదే మొదలవుతుంది.

హైవే మీద కథ వేరు. అమ్మని మూడు నెలలకోసారి వైజాగ్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సుమారు 170 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఒక్క ఛార్జింగ్‌తో చేరిపోతాం, తిరుగు ప్రయాణానికి ఫాస్ట్ ఛార్జర్ కావాలి. అది ఇంటి ఏసీ కరెంటుని డీసీగా మార్చే కారులోపలి చిన్న ఛార్జర్‌తో పనిలేకుండా బ్యాటరీకి నేరుగా డీసీ కరెంటు పంపుతుంది కాబట్టి గంటలో 80 శాతం ఎక్కుతుంది. ఆపైన బ్యాటరీ దెబ్బతినకుండా కారే వేగం తగ్గించుకుంటుంది. అందుకే నేను 80 దగ్గర తీసేసి బయల్దేరతాను.

2023 మేలో అమ్మకి కంటి ఆపరేషన్ చేయించి తీసుకొస్తున్నాను. శ్రీకాకుళం ఇవతల ఒక హోటల్లో ఛార్జర్ ఖాళీగా ఉందని యాప్ చూపించింది. వెళ్లేసరికి కారుకి తగిలించే రెండు గన్‌లలో ఒకటి పనిచేయడం లేదు, రెండోదానికి టాక్సీ తగిలించి ఉంది. ఆ డ్రైవరు ఇంకో యాభై నిమిషాలన్నాడు. తర్వాత మా గంట. కంటికి కట్టుతో అమ్మ ఆ ఎండలో దాదాపు రెండు గంటలు కూర్చుంది. ఒక్క మాట అనలేదు. నాకే గొంతులో ఏదో అడ్డంపడినట్టయింది. టిఫిను తింటూ గంట ఆగమంటే సంతోషంగా ఆగుతాను. గన్ పనిచేస్తుందో లేదో అన్న టెన్షన్‌తో, పక్కన ఆరోగ్యం బాగాలేని మనిషిని పెట్టుకుని నడపడం నా వల్ల కాదు.

మహేంద్రగిరికి మాత్రం ఈ కారులోనే వెళ్తాం. 1501 మీటర్ల కొండ, ఎక్కేటప్పుడు ఛార్జింగ్ శాతం చకచకా పడిపోతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలితే చాలు, కొంత తిరిగి బ్యాటరీలోకి ఎక్కుతుంది.

తుఫానొస్తే ఏం చేస్తావని మామయ్య అడుగుతుంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. అయితే బంకుల్లో పంపులు తిరగడానికీ కరెంటే కావాలి. జనరేటరున్న బంకు ముందు సీసాలు పట్టుకుని జనం బారులు తీరడం నేను చూశాను. ఇప్పుడు తుఫాను హెచ్చరిక వినగానే ఆ రాత్రే కారు నిండా ఎక్కించి ఉంచుతాను.

ఊళ్లో తిరగడానికి మళ్లీ కొన్నా ఎలక్ట్రిక్ కారే కొంటాను. నాన్నగారి కారు అమ్మేద్దామని ఇంట్లో అంటున్నారు, నేనే వద్దంటున్నాను. శ్రీకాకుళం దారిలో ఎప్పుడు వెళ్లినా పనిచేసే గన్‌లు నాలుగు కనిపించేవరకు అమ్మ ఆస్పత్రి ప్రయాణాలన్నీ అందులోనే.